గడ్డిలో సీసం

పశువుల డాక్టరుగా నాకు మొదటి ఉద్యోగం తాండూరు దగ్గరి ఒక పల్లెలో వచ్చింది. ఇల్లు మాత్రం వికారాబాద్‌లోనే. పొద్దున రైలెక్కి తాండూరులో దిగి, స్టేషన్ పక్క స్టాండులో పెట్టుకున్న స్కూటీ తీసుకుని ఆస్పత్రికి వెళ్ళేదాన్ని. దారికి రెండు వైపులా బండలు పాలిష్ చేసే యూనిట్లు, వాటి నుంచి కాలువల్లోకి దిగే బూడిదరంగు నీళ్ళు, అవి దాటాక కంది చేలు. ఆస్పత్రి అంటే రెండు గదులు, బయట పశువుల్ని నిలబెట్టే ఇనుప చట్రం. అంతే.

ఆ ఊళ్ళో నన్ను మొదట ఇంటి మనిషిగా చూసింది ఒక ముసలామె. నేను ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని, ఆమె నన్ను బేటీ అనేది. భర్త నాపరాయి గనిలో పనిచేసి చేసి, చివరికి ఊపిరాడక పోయాడు. కొడుకు పాలిష్ యూనిట్‌లో పని. కోడలు, ఖాలా కలిసి ఒక బర్రెను సాకేవాళ్ళు. ఆ బర్రె పాలు ఆ వీధిలో నాలుగైదు ఇళ్ళకు పోయేవి. ఖాలా తప్ప ఎవరు పొదుగు ముట్టుకున్నా కాలు విసిరేది. టీకా వేయడానికి వెళ్ళినప్పుడు దాని పేరేంటని అడిగాను.

"పేరెందుకు బేటీ? నేను నాలుకతోటి సప్పుడు చేస్తె తిరిగి సూస్తది. నాకు గది చాలు," అంది.

చేసి చూపించింది కూడా. అంగిలికి నాలుక తగిలించి టక్కుమనిపించగానే, గడ్డిలో తల పెట్టి ఉన్న బర్రె చెవులు ముందుకు పెట్టి మా వైపు తిరిగింది.

శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో కోడలు ఫోన్ చేసింది. "మేడమ్, మా బర్రెకేమో అయ్యింది. అత్తమ్మనే పొడవనీకె వచ్చింది. జల్ది రాండ్రి."

వెళ్ళేసరికి వాకిట్లో జనం. కొట్టానికి మూడు వైపులా నిలువు బండలు పాతి ఉంటాయి. బర్రె ఒక బండకు నుదురు ఆనించి, గోడను తోస్తున్నట్టు నిలబడి ఉంది. పళ్ళు నూరుతున్న చప్పుడు బయటికే వినిపిస్తోంది. నోటి నుంచి చొంగ కారుతోంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఒళ్ళంతా ఉలిక్కిపడి గుంజ చుట్టూ తిరిగేది. తిరిగినప్పుడల్లా గుంజకు కొట్టుకునేది.

"పిచ్చికుక్క కరిసినట్టున్నది. ఊరి బయట కట్టేసి వదిలెయ్యాలె," అన్నాడు జనంలో ఒకాయన.

ఖాలా నా వైపు చూసింది. కొట్టం అంచున నిలబడి నాలుకతో చప్పుడు చేసింది. బర్రె కదల్లేదు. మళ్ళీ చేసింది. ఉలిక్కిపడి తల బండకేసి కొట్టింది. ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది.

పిచ్చి అనే అనుమానం నాకూ ఉంది కాబట్టి అందర్నీ దూరం జరిపి, గ్లౌజులు వేసుకుని చూశాను. కళ్ళ ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప పడలేదు. టార్చి వేస్తే మాత్రం కంటిపాప చిన్నదయ్యింది. అంటే కన్ను బాగానే ఉంది, చూసింది మెదడుకు అందడం లేదు. గుటక వేయగలుగుతోంది. ఒంటి మీద ఎక్కడా కాటు లేదు. పాలు ఎవరూ తాగొద్దని, నోట్లో చెయ్యి పెట్టొద్దని చెప్పి, బి1 విటమిన్ ఇంజెక్షన్ వేసి, బయటికొచ్చి మా సీనియర్ డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన చాలా ఏళ్ళు ఈ ప్రాంతంలోనే పనిచేసి హైదరాబాద్‌కు వెళ్ళినాయన.

అంతా విని, "పాత బ్యాటరీలు ఏమన్న ఉన్నయా ఆ కొట్టంల? పాత రంగు డబ్బాలు?" అని అడిగాడు.

వెతికాను. పాత టైరు, విరిగిన సైకిల్, పిడకల కుప్ప ఉన్నాయి గానీ బ్యాటరీ లేదు. గడ్డి ఎక్కడిదని ఖాలాను అడిగితే పొలం గట్టుదేనంది. నీళ్ళు బోరువే.

"అయినా రక్తం పంపు. నాకెందుకో సీసం అనిపిస్తున్నది," అన్నాడాయన.

ఆయన అన్నదే నిజమైంది. రక్తంలో సీసం చాలా ఎక్కువ ఉందని ల్యాబ్ నుంచి కబురొచ్చింది. ఖాలాకు చెబితే, "సీసం అంటె? సీసా పెంకు మింగిందా?" అంది. గాజు కాదని, అదొక లోహమని, ఒంట్లోకి పోతే మెదడును పట్టుకుంటుందని చెప్పాను.

"మందు ఉన్నదా?"

"ఉన్నది ఖాలా. రక్తంల ఉన్న సీసాన్ని పట్టుకొని మూత్రంల బయటికి తీస్కపోతది. హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్న."

"అంటె దొంగను పట్టుకపోయే పోలీసు లెక్క."

"గట్లనే అనుకో."

ఆ వైద్యాన్ని కీలేషన్ అంటారు. చదువుకునేటప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టిన మాట. సొంతంగా చేయడం అదే మొదటిసారి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సెలైన్‌లో కలిపి మెడ నరం ద్వారా నెమ్మదిగా ఎక్కించాలి. కడుపులో మిగిలిన సీసాన్ని పేడలో వెళ్ళగొట్టడానికి ఉప్పు మందు తాగించాలి. ఖాలా కొడుకు పనికి పోయేముందు, పని నుంచి వచ్చాక బర్రె తల పట్టుకునేవాడు. కోడలు సెలైన్ సీసాను పైకెత్తి పట్టుకునేది. చేతులు నొప్పి పుట్టినా దించేది కాదు.

రెండో రోజుకు ఉలికిపాటు తగ్గింది. తర్వాత పళ్ళు నూరడం ఆగింది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి పడుకుని నెమరేస్తోంది. పశువు నెమరేస్తుంటే చూడటం నాకు రోజూ ఉండే పనే గానీ, ఆ రోజు అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాను. ఖాలా లోపలి నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. నాలుకతో చప్పుడు చేయడానికి భయపడుతోందని అర్థమైంది.

"చెయ్యి ఖాలా."

చేసింది. నెమరు ఆగింది. ఒక చెవి ముందుకొచ్చింది, కాసేపటికి రెండోది. తల మా వైపు తిప్పింది. ఖాలా వెళ్ళి దాని గంగడోలు కింద చెయ్యి పెట్టి నిమురుతూ, ఉర్దూలో ఏదో చాలాసేపు మాట్లాడింది. నాకు సగం అర్థమైంది. ఇన్ని రోజులు ఎక్కడికి పోయినవే అని అడుగుతోంది.

ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అమ్మకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. వికారాబాద్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

పక్షం రోజులు కూడా గడవకముందే కోడలు మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో కంగారు కన్నా నీరసం ఎక్కువ. "మళ్ళ గట్లనే నిలవడ్డది మేడమ్."

రెండోసారీ అదే మందు, అదే పని. ఈసారి కూడా బర్రె కుదుటపడింది. మందు నడుస్తున్నన్ని రోజులు పక్కన మనిషి నడిచినా బెదరలేదు, మేత తింది, చప్పుడు చేస్తే చెవి తిప్పింది. ఇరుగుపొరుగు వాళ్ళు మంచిగైంది కదా అన్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. చూపు సరిగా రాలేదు. పైగా ఇంకొకటి కనిపించింది.

సెలైన్ సీసా కట్టడానికి వీలుగా ఉంటుందని ఖాలా కొడుకు నీళ్ళ గోలేన్ని కొట్టంలో ఎడమ నుంచి కుడి వైపుకు జరిపాడు. దాహమేసినప్పుడు బర్రె లేచి పాత చోటికే పోయేది. ఖాళీ నేల మీద మూతి పెట్టి, నీళ్ళు లేవని కాసేపు అక్కడే నిలబడేది. తాడు పట్టి తీసుకొచ్చి గోలెం చూపిస్తే తాగేది. మర్నాడు మళ్ళీ పాత చోటికే. చూపు మందగించిందనుకున్నా, నీళ్ళ వాసన, చప్పుడు తెలుస్తాయి. మామూలు బర్రె అయితే ఒకటి రెండు పూటల్లో నేర్చుకుంటుంది. ఇది నెమ్మదించింది, కానీ కొత్తది నేర్చుకోవడం లేదు.

సీనియర్ డాక్టర్‌కు ఫోన్ చేసి ఆ గోలెం సంగతి చెప్పాను.

"మందు పనిచేస్తున్నది. నాకు పరేషాన్ అయితున్నది కూడ అందుకే," అన్నాడు. "సీసం ఇంక లోపటికి పోతనే ఉన్నది. నువ్వు ఒక దిక్కు తోడుతున్నవ్, ఇంకో దిక్కు నిండుతున్నది. మందు ఉన్నన్ని రోజులు బర్రె మంచిగనే కనిపిస్తది. బెదురుడు పోతది, తింటది. అది చూసి అందరు బాగైందనుకుంటరు. మెదడు తేరుకోవాలంటె మాత్రం సీసం లోపటికి పోవుడు ఆగాలె."

"మూడోసారి ఇయ్యమంటారా సర్?"

"ఎక్కడి నుంచి వస్తున్నదో తెల్వకుంట ఇయ్యకు. కిడ్నీలు తట్టుకోవాలె. కడుపుల సీసం పెట్టుకొని ఈ మందు ఇస్తె, ఒక్కోసారి పేగుల నుంచి ఇంకింత రక్తంలకు గుంజుకొస్తది. ముందు అది తినేది ఏందో చూడు."

మర్నాడు ఆస్పత్రి పని తొందరగా ముగించుకుని ఖాలా ఇంటికి వెళ్ళాను. ఈసారి ఖాలాను కాకుండా కోడలిని అడిగాను, గడ్డి కోసుకొచ్చేది ఆమే కాబట్టి. ఖాలా చెప్పిన మాట చలికాలం దాకా నిజమే. ఎండలకు పొలం గట్లు మాడిపోయాక కోడలు వాగు ఒడ్డుకు పోతోంది.

"అక్కడ ఎండకాలంల గూడ పచ్చగుంటది మేడమ్. పాలిష్ నీళ్ళు వాగులకే వస్తయ్ కద. నడుములెత్తు గడ్డి."

"నాకు చూపిస్తవా?"

ముగ్గురం నడిచాం. ఖాలాను రావద్దంటే వినలేదు. ఊరు దాటి, రాళ్ళ కుప్పలు దాటి వాగులోకి దిగేసరికి నిజంగానే కళ్ళకు చల్లగా ఉంది. అంత ఎండలో అంత పచ్చదనం. గడ్డి కోసిన చోటు నున్నగా కనిపిస్తోంది. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు పోతే ఒడ్డు మీద ఒక రేకుల షెడ్డు. పక్కనే పగలగొట్టిన నల్ల బ్యాటరీ డబ్బాల గుట్ట. ఆటోలవి, లారీలవి, ఇళ్ళలో ఇన్వర్టర్లవి. షెడ్డు వెనక కాలిన మట్టి, పొయ్యి. గాలికి బూడిద లేచి వాగు వైపు పోతోంది. గడ్డి పరక ఒకటి పీకి వేళ్ళ మధ్య రుద్దాను. వేళ్ళకు బూడిదరంగు అంటుకుంది.

కోడలు నా వేళ్ళ వైపు చూసింది. తర్వాత తన అరచేతుల వైపు చూసుకుంది. "నేనే తినవెట్టిన," అని అక్కడే కూలబడింది.

ఖాలా కూడా ఆమె పక్కన కూర్చుంది. "పచ్చగున్నదని తెచ్చినవ్. నేనైనా గదే తెస్తుంటి. లే బిడ్డా, ఎండల కూసోకు," అంది. కోడలు ఏడుస్తూనే లేచింది. ఖాలా ఆమె చేతులు వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచింది.

ఆ షెడ్డు యజమాని ఆ ఊరివాడే. తాండూరులో బ్యాటరీల దుకాణం పెట్టి, పాతవాటిలోని సీసం ఇక్కడ కరిగించి అమ్ముతున్నాడు. అనుమతులేవీ లేవు. మేం నిలబడి ఉండగానే బండి మీద వచ్చాడు. నేను చెప్పింది విని మొదట నవ్వాడు.

"మేడమ్, నేను ఇక్కడ రోజు ఉంట. నాకేం కాలే. బర్రెకైతదా?"

"మీరు గడ్డి తినరు కదన్నా," అన్నాను. "అది రోజుకు రెండు మోపులు తింటది. ఆ బూడిదంత దాని కడుపులకే."

"ఈ వాగు గడ్డి నా మేకలు గూడ తింటయ్."

"ఎట్లున్నయ్ మేకలు?"

అతని ముఖం మారింది. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. పోట్లాటకు వస్తాడేమోనని నాకు భయంగానే ఉంది. ఆ సాయంత్రం సర్పంచ్ ఇంటికి వెళ్ళి విషయం చెప్పాను, పైఅధికారులకు రాసి పంపాను. వాగు ఒడ్డు గడ్డి ఎవరూ కోయొద్దని మర్నాడే ఊళ్ళో చాటింపు వేయించారు.

రెండు రోజుల తర్వాత ఆస్పత్రి తెరిచేసరికి ఆ షెడ్డు యజమాని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య, ఆమె చంకలో చిన్న పాప.

"పోయిన్సారి మూడు సూడి మేకలు ఈసుకపోయినయ్ మేడమ్, పిల్లలు దక్కలే. ఎందుకో తెల్వలే," అన్నాడు తల వంచుకుని. "నేను గవే బట్టలతోటి ఇంటికి పోత. పాపను ఎత్తుకుంట. మనుషులకు గూడ పరీక్ష ఉంటదా?"

నేను పశువుల డాక్టర్ని, అయినా వాళ్ళు నా దగ్గరికే వచ్చారు. ఉంటుందని చెప్పి, హైదరాబాద్‌లో ఏ ఆస్పత్రికి పోవాలో సీనియర్ డాక్టర్‌ను అడిగి చెప్పాను. వారం తర్వాత అతని భార్య ఫోన్ చేసింది. పాప రక్తంలో సీసం ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది గానీ మందు వాడేంత లేదని, ఆ దుమ్ము నుంచి దూరంగా ఉంచి, మంచి తిండి పెట్టి మళ్ళీ పరీక్షకు రమ్మన్నారని చెప్పింది. "మందు లేదంటె భయమైంది మేడమ్," అంది. "దూరం పెట్టుడే మందు అన్నరు." అధికారుల నోటీసు రాకముందే షెడ్డు మూతపడింది. డబ్బాల గుట్టను లారీలో ఎత్తించి, లైసెన్సు ఉన్న కంపెనీకి పంపాడు. ఇప్పుడు తాండూరు దుకాణంలో కొత్త బ్యాటరీలు మాత్రమే అమ్ముతున్నాడు.

ఇక బర్రె. ఎండుగడ్డి కొని, చొప్ప తెచ్చి, ఊరికి అటు పక్క బోరు కింద జొన్న పచ్చిమేత వేసిన రైతును బతిమాలి మోపులు తెచ్చి సాకారు. రక్తం ఇంకోసారి పంపి, కిడ్నీలు బాగానే ఉన్నాయని తేలాక మూడోసారి మందు ఇచ్చాను. అదే మందు, అదే మోతాదు. కానీ ఈసారి నెమ్మదించడంతో ఆగలేదు. ఒక పొద్దున ఖాలా కొడుకు పనికి పోతూ పోతూ ఆస్పత్రి ముందు సైకిల్ ఆపాడు. ఆ మనిషి ఎక్కువ మాట్లాడడు.

"కుడి దిక్కుకు పోయి తాగింది మేడమ్. ఎవ్వలు చూపియ్యలే," అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను మధ్యాహ్నం వెళ్ళి నా కళ్ళతో చూసుకున్నాను. నిజమే. లేచింది, ఒకసారి పాత చోటు వైపు చూసింది, కుడికి తిరిగి గోలెంలో మూతి పెట్టింది. మెదడు అంటే ఏమిటో పుస్తకాల్లో చాలా చదివాను. ఒక బర్రె తనంతట తాను దారి మార్చుకోవడం చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఆ చదువులో లేదు.

అన్నీ తిరిగి రాలేదు. ఎడమ కంటి చూపు మందంగానే ఉండిపోయింది. ఆ వైపు నుంచి ఎవరైనా వస్తే ఇప్పటికీ తల విదిలిస్తుంది. పాలు పరీక్షలో బాగున్నాయని వచ్చేదాకా నెలల తరబడి ఖాలా పూటపూటా పిండి గుంతలో పారబోసింది. పిండకపోతే పొదుగు వాస్తుంది, పిండితే పారబోయాలి. పారబోసే పని కూడా కోడలిని చేయనిచ్చేది కాదు. బిడ్డకు కష్టమైతది అనేది. తనకు ఎంత కష్టమో అననేలేదు.

వానాకాలంలో మా శాఖ తరఫున దోమ, పూడూరు, కుల్కచర్ల వైపు పల్లెల్లో పశువుల శిబిరాలు పెట్టినప్పుడు నేను ఈ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఒకసారి ఖాలా కోడలిని నాతో రమ్మంటే వచ్చింది. అందరి ముందు మాట్లాడటం ఆమెకు కొత్త. చీర కొంగు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "పాత బ్యాటరీ డబ్బలల్ల దూడలకు నీళ్ళు పెట్టకుండ్రి. పచ్చగున్నదని ఏడవడితె ఆడ కోయకుండ్రి. పక్కన ఏమున్నదో సూసి కోయుండ్రి," అని చెప్పి కూర్చుంది. ముందు వరసలో ఒకామె లేచి, మా ఇంట్ల గసొంటి డబ్బ ఉన్నది, పారెయ్యాల్నా అని అడిగింది. కోడలు ఆమెతో శిబిరం అయిపోయేదాకా మాట్లాడుతూనే ఉంది.

చలికాలం మొదట్లో బర్రె ఎదకొచ్చిందని ఖాలా కబురు పంపింది. సీసం తిన్న పశువు చూడి కడుతుందా లేదా అని నాకు అనుమానమే. ఆ మాట ఆమెతో అనకుండా చూడి కట్టడానికి వేసే సూది వేసి వచ్చాను. మూడు నెలలకు చూడి పరీక్షకు బర్రెను ఆస్పత్రికి తోలుకొచ్చారు. ఖాలా కుడి వైపు, కోడలు ఎడమ వైపు నడుస్తున్నారు. ఇనుప చట్రంలో నిలబెట్టి, భుజం దాకా గ్లౌజు వేసుకుని లోపల చెయ్యి పెట్టి నెమ్మదిగా తడుముతుంటే ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. బర్రె కాలు విసరకుండా నిలబడింది. గర్భసంచి వేళ్ళకు తగిలింది. ఒక వైపు నిండుగా, నీళ్ళ తిత్తిలా మెత్తగా ఉంది. సందేహం లేకుండా ఇంకోసారి చూశాను.

"ఉన్నది ఖాలా," అన్నాను.

"పెయ్యనా, దున్ననా?"

"అది చేతికి తెలుస్తదా ఖాలా?"

"తెల్వకున్న మంచిదే," అంది ఆమె. కోడలు చట్రం గడియ తీసింది. బర్రె తనే వెనక్కి జరిగి, బయటికొచ్చి, ఇంటి దారి పట్టింది. వాళ్ళిద్దరూ దాని వెనక తొందరగా నడిచారు.